అయిదో గుర్తు

ఎనిమిదో మెట్టు మీద ఉన్నాను. నోట్లో రెండు మరలు, చేతిలో స్క్రూడ్రైవరు, నెత్తి మీద చూరు, కాళ్ళ కింద నిచ్చెన, నిచ్చెన కింద మా ఆవిడ. పట్టుకున్నావా అని ఇప్పటికి ఏడుసార్లు అడిగాను, నోట్లో మరలున్నవాడు మరల మరల అదే అడుగుతాడు కాబోలు, ఏడుసార్లూ ఆవిడ పట్టుకున్నానండీ అనే అంది, విసుక్కోకుండా, గొంతు పెంచకుండా. పదహారేళ్ళుగా ప్రసూతి వార్డులో పసికందుల్ని అందుకుంటున్న నర్సు ఆవిడ, అందుకున్నదాన్ని జారవిడవడం ఆ చేతులకు తెలియదు. దోమ కుడుతుంటే చేత్తో కొట్టుకోవడం లేదు, కాలితో కాలు రుద్దుకుంటోంది, పైనుంచి కనిపిస్తూనే ఉంది. ఇందాక లోపల ఫోను మోగింది, మోగి మోగి తనే ఊరుకుంది. వెళ్ళి తీయరాదా అన్నాను. మీరు దిగాక తీస్తాను అంది. ఆ మాటకు మెట్టుని గట్టిగా పట్టుకున్నాను, ఎత్తుకు భయపడి కాదు, ఎత్తు నన్నేం చేస్తుంది, పదడుగులు. ఇక్కడికి బారెడు దూరంలో, పోయిన వారం ఇదే వేళకు, ఇదే నిచ్చెన కింద నేను నిలబడ్డాను, నాకూ రెండు చేతులున్నాయి, పుట్టించినవాడు ఆ విషయంలో నాకేమీ లోటు చేయలేదు, ఆ రెండు చేతుల్నీ నేను ఎక్కడ పెట్టానన్నదే లెక్క, ఆ లెక్క తెలిసినవాళ్ళం ఈ వీధిలో ఇద్దరమే.

ఇంకో గంటలో పొద్దు గుంకుతుంది. గుంకగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి, ఫోనులో అలా అమర్చాను. శాశ్వత దీపాలు అని పెట్టె మీద వేశారు, శాశ్వతం అన్న మాట మనిషి నోటితో అనడానికి జంకుతాడు గాని అట్టపెట్టె జంకదు. చూరు అంచు కింద సన్నటి అల్యూమినియం పట్టీలు బిగించాలి, పట్టీలకున్న చిల్లుల్లో గుండ్రటి దీపాలు ఒక్కొక్కటీ నొక్కాలి, వెనక తీగలు కలుపుకుంటూ పోవాలి, ఇక ఎండకీ వానకీ విప్పేది లేదు, పగలు కనిపించవు, సాయంత్రం అయితే ఇల్లంతా జరీ అంచు కట్టుకుంటుంది, ఏ రంగు కావాలంటే ఆ రంగు. వీడియోలో ఒకాయన ఈల వేసుకుంటూ మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య పూర్తి చేసేశాడు. నేను పెట్టె విప్పి, లోపలి కాగితం చదివి, ఇందులో వాట్లు తక్కువ, పాట్లు ఎక్కువ అన్నాను, మా ఆవిడ నవ్వింది. తీగ చివరికి వెళ్ళేసరికి కరెంటు నీరసించి ఆఖరి దీపాలు పచ్చబడతాయని రాసి ఉంది, అది వోల్టేజీ కాదు, ఓల్డేజీ అన్నాను, దానికీ నవ్వింది. ఆఫీసులో ఎవరు పదవీ విరమణ చేసినా మైకు నాదే, ఎవరికి పిల్లాడు పుట్టినా మాట నాదే, నవ్వు వినబడకపోతే నాకు అన్నం అరగదు, ఇది గొప్ప కాదు, జబ్బు, ఆ జబ్బుకి మందు వేయాల్సినవాళ్ళు యాభై ఏళ్ళుగా చప్పట్లు వేశారు. తీగ మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది, ఎప్పుడు వెలగాలో దీపానికి దీపం చెప్పుకునే మాట ఆ బాణం వైపే నడుస్తుంది, పొరపాటున తిరగేసి తగిలిస్తే అక్కణ్ణుంచి ముందున్న దీపాలన్నీ చీకటే. నా నోటికి అలాంటి బాణమేదీ పెట్టలేదు ఎవరూ, అది ఎటు పడితే అటు వెళ్ళి వచ్చింది, చీకటి మాత్రం వేరేవాళ్ళింట్లో పడింది.

మరొకటి బిగిసింది. చూరు మీద నీలం సుద్ద గీత ఉంది, అడ్డంగా, వేలి గోరంత, దాని పక్కన ఇంకొకటి, సరిగ్గా జానెడున్నర దూరంలో, ఇల్లంతా ఈ గీతలే, వాడు గీసినవి. వాడంటే మా ఆవిడ తమ్ముడు, నాకు ఒక్కగానొక్క బావమరిది, బట్టల దుకాణంలో కటింగ్ మాస్టరు. బావ బతుకు కోరేవాడు బావమరిది అన్నారు గాని, బావమరిది బతుకు కోరేవాడు ఎవడో ఆ సామెత చెప్పిన పెద్దమనిషి చెప్పకుండానే పోయాడు. నువ్వు కొలతల మనిషివిరా, నా ఇంటికి ఒక చొక్కా కుట్టిపెట్టాలి రా అని ఫోను చేస్తే, దుకాణం సెలవు రోజున పడుకోకుండా వచ్చాడు, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. రాగానే ఇంటి చుట్టూ ఒకసారి నడిచాడు, ఊరికే నడిచాడు, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ తర్వాత భుజం ఇంత, చేతులు ఇంత, నడుము ఇంత అని చెప్పాడు, టేపు పెట్టి చూస్తే అంగుళం తేడా లేదు. దీపాలు చూసి గుండీల్లా ఉన్నాయి బావా అన్నాడు, అప్పట్నుంచీ మేం గుండీలు కుడుతున్నామే తప్ప దీపాలు పెట్టడం లేదు. పని మొదలెట్టే ముందు నిచ్చెన ఎక్కి రెండు చేతులూ చాపి, ఎడమ చేయి అందేది ఇక్కడ, కుడి చేయి అందేది ఇక్కడ అని గుర్తు పెట్టుకున్నాడు, అంటే ఒక నిలుపుకి అయిదు గుండీలు, మధ్యలో మూడోది, అటు రెండు, ఇటు రెండు. అయిదూ అయ్యాకే దిగాలి, దిగి నిచ్చెన జరపాలి, ఆరోదానికి ఆశపడకూడదు బావా, గుడ్డ ఎంతుందో అంతే కత్తిరించాలి అన్నాడు. ఆశపడకూడదు అన్నవాడు ఆశపడి పడ్డాడని నేను చెప్పాను, లోకం నమ్మింది.

నమ్మింది అని ఎంత తేలిగ్గా అనేశాను. మా ఆవిడ కింద దగ్గింది, సన్నగా. ఈవిడకూ నేనే చెప్పాను కదా, ఈ నిచ్చెన పట్టుకున్న మనిషికి, ఆసుపత్రి వరండాలో, ఆవిడ డ్యూటీ బట్టల్లోనే పరిగెత్తుకుంటూ వస్తే, మీ తమ్ముడు మరీ వంగిపోయాడే అని. ఆవిడ తమ్ముణ్ణి తిట్టింది, కట్టు కడుతుండగానే తిట్టింది, ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దురా, పెళ్ళాం పిల్లలున్నవాడివి అని, వాడు పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ సరే అక్కా సరే అక్కా అన్నాడు. వాడి చేతికి కట్టు, నా నోట కట్టుకథ. ఈ ముక్క నాకు అక్కడే, ఆ వరండాలోనే తట్టింది, అదీ అసలు నేరం, పడ్డవాడి పక్కన నిలబడి కూడా నా బుర్ర మాటల గారడీ మానలేదు, అదింకా పైకి అనలేదు గనక నన్ను నేను మంచివాడి కింద జమకట్టుకుంటున్నాను.

కిందికి చూడకూడదు. గోడకవతల డ్రిల్లు మాస్టారు మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు, గొట్టంలోంచి నీళ్ళు పడే చప్పుడు ఒకే చోటనుంచి వస్తోంది, ఒకే మొక్క దగ్గర అంతసేపు ఎవరూ నిలబడరు. ఎప్పుడో రిటైరైన బడి వ్యాయామం మాస్టారు, ఈల మెడలో లేకపోయినా ఉన్నట్టే నడుస్తారు, ఇంట్లో గోడలకు చిల్లులు వేసే యంత్రం ఉంది గనక డ్రిల్లు మాస్టారి దగ్గరే డ్రిల్లు దొరుకుతుందని నేను వీధంతా చెప్పి నవ్వించాను. అసలే ఇద్దరు మాస్టర్ల మధ్య నేనొక్కణ్ణే విద్యార్థిని, అదీ తప్పిన విద్యార్థిని. ఆయన నా మాటలకు కడుపు పట్టుకుని నవ్వే మనిషి. వారం నుంచీ నవ్వడం లేదు. మధ్యాహ్నం డ్రిల్లు కోసం వెళ్ళి, మాస్టారూ, మీ యంత్రం మా ఇంటికి రాకపోకలు మరిగింది, దానికి మా ఇంట్లోనే సంబంధం చూద్దామా అన్నాను, ఆయన డ్రిల్లు తెచ్చి చేతిలో పెట్టి, ఈసారి నిచ్చెన ఎవరు పట్టుకుంటారు అని అడిగారు. అంతే అడిగారు. పిల్లల హాజరు పిలిచినట్టు అడిగారు. మా ఆవిడండీ అన్నాను, మంచిది అని తలుపు వేసుకున్నారు.

ఆయన చూశారు. ఎలా చూడరు, ఆయన్ని నవ్వించడానికే కదా నేను వెళ్ళింది. నాలుగు నిలుపులు అప్పటికే అయిపోయాయి, ఇరవై గుండీలు, వాడు పైన అయిదో నిలుపులో ఒకటి, రెండు, మూడు అని పాటలా లెక్కపెడుతున్నాడు, నేను కింద నిచ్చెన పట్టుకుని దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు, నేను ఇల్లు ఉండగానే దీపాలు చక్కబెట్టుకుంటున్నాను మాస్టారూ అన్నాను, ఆయన గోడ మీద మోచేతులు పెట్టుకుని నవ్వారు, నవ్వేసరికి నాకు వేడెక్కింది. మా మేనేజరు సంతకం పెట్టే తీరు చూపిస్తానుండండి అన్నాను. అది ఆఫీసులో నాకు పేరు తెచ్చిన అంశం, ఆయన పెన్ను మూత తీసి గాలిలో రెండుసార్లు రాసి చూస్తాడు, కళ్ళద్దాలు ముక్కు కొసకి జార్చుతాడు, ఫైలుని బిడ్డలా ఎత్తుకుని కిటికీ దగ్గరికి నాలుగడుగులు వేస్తాడు, వెలుతురులో చూసి, అప్పుడు సంతకం పెట్టకుండా తిప్పి పంపుతాడు. దానికి రెండు చేతులూ కావాలి. నాలుగడుగులూ కావాలి. ఒక చేత్తో సగం చూపించవచ్చు, నిచ్చెన దగ్గరే నిలబడి చెప్పనూ వచ్చు, కాని సగం నవ్వు నాకు చాలదు. వదిలాను. ఒక చేయి కాదు, రెండూ. వదిలి, గాల్లో పెన్ను మూత తీసి, ఫైలు ఎత్తుకుని, గోడ దగ్గరికి ఒకటి, రెండు, మూడు, పైన వాడు నాలుగు అన్నాడు, నేనూ నాలుగో అడుగు వేశాను, వాడు అయిదు అంటూ కుడి చేయి చాపాడు. అల్యూమినియం కాలు బండ మీద గీసుకున్న చప్పుడు విన్నాను. వెనక్కి తిరిగేసరికి నిచ్చెన పక్కకి పడిపోతోంది, నా చేతిలో ఇంకా లేని ఫైలు ఉంది.

పడ్డవాడు మొదట చూసింది తన చేతిని కాదు, చేతిలో ఉన్న మూరెడు పట్టీ ముక్కని. బావా, పట్టీ వంగిపోయింది అన్నాడు. మణికట్టు అటు తిరిగి ఉంది, వాడు పట్టీ గురించి చెప్పాడు. డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, ఏ ప్రశ్నకైనా ఎదురు ప్రశ్న వేసే నేను, ఏ మాటకైనా తోక తగిలించే నేను, చక్కగా, పద్ధతిగా, మరీ పక్కకి వంగాడండీ, నేను పట్టుకునే ఉన్నాను అన్నాను. పట్టుకున్నారా అని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు ముందే జవాబు చెప్పినవాడు దొంగ అని చిన్నపిల్లలకు కూడా తెలుసు, డాక్టరు మాత్రం తల వంచి రాసుకున్నాడు. పడుకున్నవాడు కళ్ళు మూసుకుని, అవునండీ, అందుతుందనుకున్నాను అన్నాడు. వాడు గోడ వైపు తిరిగి ఉన్నాడు కదా, నన్నెక్కడ చూశాడు. బావ పట్టుకున్నానంటే పట్టుకున్నట్టే. అనుకున్నాను, అప్పుడు, రెండు రోజుల్లో చెప్పేద్దాం, నొప్పి తగ్గాక చెబుదాం, ఇప్పుడెందుకు. రెండు రోజులయ్యాక కట్టు ఆరాక అనుకున్నాను, ఆరాక వాపు తగ్గాక అనుకున్నాను. తప్పు చేసినవాడు తప్పుకోగలడు, తప్పించుకోలేడు, ఇది కూడా చమత్కారమే, నాకు గొంతులో ఎక్కిళ్ళు వచ్చినట్టు ఇవి వస్తూనే ఉంటాయి, వీటితో కడుపు నిండదు, బరువు దిగదు.

చేయి ఒక్కటే అయితే నేను మోసేవాణ్ణేమో. ఎముక అతుక్కుంటుంది, ఆరు వారాలన్నాడు డాక్టరు, మా ఆవిడ కూడా ఎక్స్‌రే చూసి ఎముక సరిగ్గానే కూర్చారు అంది. నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను, వాడు నేల మీద పాత దుప్పటి పరుచుకుని, ఎడమ చేత్తో టేపు పెట్టి, జానతో కొలిచి, మళ్ళీ టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఏంట్రా అంటే నవ్వాడు. నాకు పదిహేనో ఏట నుంచీ నా చేయి ఎంత దూరం పోతుందో తెలుసు బావా, మనిషి గుమ్మంలోకి వస్తూండగానే ఛాతీ ఎంతో చెప్పేవాణ్ణి, ఆ రోజు జానెడున్నర తప్పు లెక్కవేశానంటే నా చూపు పోయినట్టే అన్నాడు. కళ్ళు కాదు, చూపు. ఒక మనిషి కోటుగుడ్డ మీద కత్తెర వేశాక మళ్ళీ అతికించలేం, నా మీద నాకే నమ్మకం లేనప్పుడు కత్తెర పట్టకూడదు, చూపు అనుమానంగా ఉందని ఓనరుకి చూచాయగా అన్నాను, వెళ్ళి చెప్పేస్తాను, నా బల్ల చేతికింది కుర్రాడికి ఇచ్చేసి గుండీలు కుట్టే బల్ల దగ్గర కూర్చుంటాను, ఎడమ చేత్తో మొదలెట్టి, అన్నాడు. వాళ్ళావిడ గిన్నె తోముతూ తోముతూ ఆగి వింది, మళ్ళీ తోముకుంది. ఇరవై ఏళ్ళుగా కటింగ్ మాస్టరు. కొలత పోయి కలత మిగిలింది అనుకున్నాను, అనుకుని నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది, వాళ్ళ గోడ పల్చన అని మానేశాను, చూడండి, ఇక్కడ కూడా. ఎప్పుడు చెప్తావు ఓనరుకి అని అడిగాను. ఎల్లుండి పొద్దున్న అన్నాడు. ఎల్లుండి అంటే రేపు. ఈలోగా మీ దీపాలు వెలిగేది చూడాలి బావా, రేపు సాయంత్రం వస్తాను, మిగిలిన గుండీలు పెట్టేయండి అన్నాడు. నేను సరేరా అన్నాను. టీ తాగి వచ్చాను. టీ తాగాను.

అందుకని ఇవాళ సెలవు పెట్టి ఎక్కాను, మొదట వాడు ఆపిన చోటుకి వెళ్ళాలి గదా, వెళ్ళలేదు, అవతలి మూలనుంచి మొదలెట్టాను, ఇదేంటండీ వెనకనుంచి వస్తున్నారు అని మా ఆవిడ అంటే, నా ముందుచూపు సంగతి నీకు తెలుసుగా అన్నాను. ఇప్పుడు ఆ మూలనుంచి వచ్చి వచ్చి ఇక్కడికి వచ్చాను, ఈ మర బిగిస్తే ఈ నిలుపు అయిపోతుంది, ఆ తర్వాత ఒకే ఒక్క గుండీ. బిగిసింది. నోరు ఖాళీ. దిగుతున్నా అన్నాను, దిగండి అంది, నా పాదం నేలకు తగిలేదాకా ఆవిడ వేళ్ళు తెల్లగా బిగిసే ఉన్నాయి. ఇద్దరం నిచ్చెన ఎత్తి బారెడు జరిపాం. బండ మీద అర్ధచంద్రంలా ఒక గీత ఉంది, నిచ్చెన కాలు లాగిన గీత, మా ఆవిడ దాన్ని చూసి, పాపం వెధవ అంది తమ్ముణ్ణి, ముద్దుగా, నేను నిచ్చెన కాలు ఆ గీత మీద పెట్టకుండా పక్కన పెట్టబోయాను. కాని మూడో గుర్తుకి సరిగ్గా కింద పెట్టాలి కదా, అది వాడి పద్ధతి, పెడితే గీత మీదే పెట్టాలి. పెట్టాం. ఆవిడ పట్టుకుంది. నేను అడగలేదు ఈసారి. అడగకుండానే, పట్టుకున్నానండీ అంది.

ఒకటో మెట్టు, రెండో మెట్టు, లెక్కపెట్టకూడదు, పాట అవుతుంది. పొద్దు దిగిపోతోంది, ఎదురింటి కిటికీ అద్దం ఎర్రగా ఉంది, రోడ్డు మీద సైకిలు వెళ్ళింది, గోడకవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. పైన వాడు పెట్టిన నాలుగు గుండీలు ఉన్నాయి, వరసగా, ముద్దుగా, ఒక్క మరా వంకర లేదు, నేను పెట్టినవాటిని వాటి పక్కన చూడకూడదు. అయిదో గుర్తు కుడివైపు చివర, నీలంగా. వంగాలి ఇప్పుడు. వంగడానికి భయపడి ఎడమ చేత్తో మెట్టు గట్టిగా పట్టుకుని కుడి చేయి చాపాను, చాపేసరికి పట్టీ ముక్క గుర్తు మీదకి వెళ్ళిపోయింది. వంగలేదు. మళ్ళీ వెనక్కి తీసి మళ్ళీ చాపాను. మోచేయి ఇంకా కాస్త మడిచే ఉంది. నా చేయి పొట్టిది, నా చొక్కా చేతులు కత్తిరించేటప్పుడల్లా వాడు నవ్వేవాడు, బావా, మీ మాట పొడుగు, చెయ్యి కురచ అని. ఈ కురచ చేతికి అందింది. ఇరవై నాలుగు గుండీలకూ చాలిన కొలత ఇరవై అయిదో గుండీకి ఎందుకు చాలదు, ఎవరూ అడగలేదు, అడగాల్సినవాడు తన చూపునే అడుగుతూ దుప్పటి కొలుచుకుంటున్నాడు. అందుతుందని నాకు తెలుసు. తెలిసీ చూడకుండా ఉండటానికే అవతలి మూలకు పోయి వచ్చాను. మర పెట్టాను, తిప్పాను, తిరిగింది, రెండోది పెట్టాను, గుండీని చిల్లులో నొక్కాను, తీగ కలిపాను, బాణం చూసి కలిపాను. అయిపోయింది. దిగవచ్చు. దిగలేదు. ఏమైందండీ అంది కిందనుంచి. ఏమీ లేదు అన్నాను. అప్పుడు గేటు చప్పుడైంది.

వాడే. తెల్లటి కట్టు, మెడలోంచి గుడ్డ ఉయ్యాల, చొక్కా కుడి చేయి కత్తిరించి గుండీ పెట్టుకున్నాడు కట్టు పట్టేట్టు, ఎడమ చేత్తో కుట్టుకున్నట్టుంది, కుట్లు పిల్లాడి రాతలా ఉన్నాయి. ఒంటి చేత్తో గేటు వేసి వచ్చాడు. మా ఆవిడ నొప్పెలా ఉందిరా అంటే పర్లేదక్కా అన్నాడు, అంటూనే పైకి చూశాడు, నన్ను కాదు, నా కుడి చేతి పక్కన ఉన్నదాన్ని.

"అయిదోది అందిందా బావా?" అన్నాడు.

మామూలుగానే అడిగాడు, వానొస్తుందా అన్నట్టు, కాని కళ్ళు రెప్ప వేయలేదు. రెండే జవాబులు. చాలా కష్టం మీద వంగితే అందిందిరా అంటే వాడు తల ఊపుతాడు, అనుకున్నదే అనుకుంటాడు, దీపాలు వెలిగితే బావున్నాయి బావా అంటాడు, పొద్దున్నే వెళ్ళి కత్తెర అప్పగించేస్తాడు, నేను బతికిపోతాను. ఆ జవాబు నా నాలుక మీదకి వచ్చేసింది, నిజంగా వచ్చింది, దానికో చమత్కారం కూడా తగిలి వచ్చింది. గోడకవతల మాస్టారు నిలబడి ఉన్నారు, ఇటే చూస్తున్నారు, అయినా ఆయన కోసం కాదు, ఆయన చూడకపోయినా, ఏమో, నాకు తెలియదు.

"అందింది" అన్నాను.

"మీకా?"

"నాకే. వంగలేదు కూడా. మోచేయి మడిచే ఉంది."

వాడు నా మోచేతి వైపు చూశాడు. పెదాలు కదిలాయి, లెక్క వేస్తున్నాడు. "మీ చెయ్యి నా చేతికంటే రెండంగుళాలు తక్కువ" అన్నాడు.

"తెలుసు. ఆ రోజు నీకూ అందిందిరా. నీ కొలత తప్పలేదు. నిచ్చెన దగ్గర నేను లేను. వదిలేసి గోడ దగ్గరికి వెళ్ళాను, మాస్టారికి మా మేనేజర్ని చూపించడానికి. డాక్టరుకి అబద్ధం చెప్పాను. మీ అక్కకీ చెప్పాను. నీకూ చెప్పాను."

ఇంత పొడుగు మాటలో ఒక్క మెలిక లేకుండా నేను మాట్లాడటం అదే మొదలు. నిచ్చెన వణికింది. నా కాళ్ళు కాదు, నిచ్చెన, కిందనుంచి, మెట్టు మెట్టూ పాకి వచ్చింది ఆ వణుకు. కిందికి చూశాను, మా ఆవిడ నన్ను చూడటం లేదు, తమ్ముడి కట్టుని చూస్తోంది, వేళ్ళు ఒక్కొక్కటీ సడలుతున్నాయి, తనకు తెలియకుండానే, అందుకున్నదాన్ని ఎప్పుడూ జారవిడవని వేళ్ళు. తిట్టింది గుర్తొచ్చి ఉంటుంది, కట్టు కడుతుండగా తిట్టింది.

"అక్కా, వదలకు" అన్నాడు వాడు. "దిగనీ."

ఎడమ చేత్తో తను కూడా ఒక పక్క పట్టుకున్నాడు. ఆ ఇద్దరూ పట్టుకుంటే ఎనిమిది మెట్లు దిగాను, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి, ముసలివాడిలా. నేల మీదకి వచ్చాక ఇద్దరి మధ్యా నిలబడ్డాను, ఎవరూ నన్ను తాకలేదు. నేను ఒరేయ్ అన్నాను. వాడు నన్ను దాటి వెళ్ళి అయిదో గుండీ కింద నిలబడి, తల ఎత్తి, ఎడమ చేయి గాల్లోకి లేపి వేళ్ళు విప్పి చూసుకున్నాడు, ఒకసారి గుండీ వైపు, ఒకసారి నిచ్చెన వైపు.

"నా చిన్నదాని గౌను మూడుసార్లు కొలిచాను ఈ వారంలో" అన్నాడు, నాతో కాదు, అక్కతోనూ కాదు. "మూడుసార్లూ ఒకటే వచ్చింది. టేపు సాగిపోయిందేమో అనుకున్నాను."

నేను కొడతాడని ఎదురుచూశాను, ఎడమ చేత్తోనైనా. మా ఆవిడ ఒరేయ్ తమ్ముడూ, కూర్చోరా అంది, వాడు తల అడ్డంగా ఊపాడు, జేబులోంచి ఫోను తీసి, బొటనవేలితో వెతుక్కుంటూ, తప్పు నొక్కి మళ్ళీ వెతుక్కుంటూ, గేటు వైపు నడిచాడు. అప్పుడే పొద్దు పూర్తిగా గుంకినట్టుంది, నెత్తి మీద చిటుక్కుమని, ఈ మూలనుంచి ఆ మూల దాకా ఇల్లంతా ఒక్కసారి వెలిగింది, తెల్లగా, ఒక్కటి కూడా తప్పకుండా. ఎదురింటివాళ్ళు ఎవరో బాగుందండీ అని కేకేశారు. వాడి వీపు వెలిగింది, కట్టు వెలిగింది. తిరగలేదు.

"నమస్కారమండీ, నేనే. రేపు పొద్దున్న వస్తానన్నాను కదా, ఆ మాట చెప్పడానికి రావట్లేదు" అన్నాడు ఫోనులో, గేటు గడియ తీస్తూ. "ఆరు వారాలు. కట్టు విప్పగానే కత్తెరకే వస్తాను. ఆ కుర్రాడికి నా బల్ల ఇవ్వకండి. లేదండీ, లేదు, చూపు బాగానే ఉంది."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. వీధిలోకి దిగాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి నన్ను తిడతాడేమోనని గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. మలుపు దాకా తిరగలేదు.